డాబా మీద నక్షత్ర పాఠం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనందరికీ తెలుసు. ఆ కార్తె నడిచినన్నాళ్లూ రోహిణి నక్షత్రం ఆకాశంలో కనిపించదన్న సంగతి ఎంతమందికి తెలుసు? సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అది ఆ కార్తె. మే 25 ప్రాంతం నుంచి జూన్ మొదటి వారం దాకా ఆయన రోహిణి పక్కనే ఉంటాడు. ఆ చుక్క ఆయనతోపాటే పొడిచి, ఆయనతోపాటే కుంకుతుంది. పగటి వెలుగులో మనకెక్కడ కనిపిస్తుంది? చూడాలంటే చలికాలం రావాలి. అప్పుడు రాత్రిపూట మన ఉత్తరాంధ్రలో దాదాపు నడినెత్తికే వస్తుంది, కాస్త ఎర్రగా.

ఇది నేను విజయనగరంలో, రిటైరైన ఒక ఫిజిక్స్ మాస్టారి డాబా మీద నేర్చుకున్నాను. వారానికో సాయంత్రం కొందరం పెద్దవాళ్లం అక్కడ చేరతాం. ఒకాయన దర్జీ, ఒకాయన ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, ఒకావిడ బ్యాంకు ఉద్యోగి. గజపతినగరం వైపు నుంచి బస్సెక్కి వచ్చే రైతు ఒకామె ఉంది. రోహిణి సంగతి రాబట్టింది ఆమే.

"అయితే మాస్టారూ, రోహిణి కార్తెలో రోహిణి కనపడదేటండి?"

"కనపడదమ్మా. సూర్యుడు అడ్డం కదా."

"ఇన్నాళ్లూ ఎవులూ సెప్నేదే!"

పెద్దవాళ్లకు ఖగోళం చెప్పడంలో ఉన్న సుఖం ఇదేనని నాకు అనిపిస్తుంది. తిథి, నక్షత్రం, కార్తె, సంక్రాంతి అన్నీ వాళ్ల నాలుక మీదే ఉంటాయి. విత్తనం ఎప్పుడు చల్లాలో, ముహూర్తం ఎప్పుడు పెట్టాలో వాటితోనే లెక్క చూసుకుంటూ బతికారు. ఆ పేర్ల వెనక ఉన్న ఆకాశాన్ని ఒక్కసారి చూపిస్తే చాలు, పంచాంగంలో నిలువు గళ్లన్నీ తలుపుల్లా తెరుచుకుంటాయి. పిల్లలకు ఆ సామగ్రి ఇంకా చేతికి రాలేదు.

మా కొలబద్ద పిడికిలి. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. చిటికెన వేలు ఒక డిగ్రీ. చంద్రుడు అందులో సగమే. పున్నమినాడు తూర్పున పళ్లెమంత కనిపించే చంద్రుణ్ణి చిటికెన వేలితో మూసి చూడండి, మిగతా రాత్రంతా ఎలా మూస్తుందో అప్పుడూ అలాగే మూస్తుంది. పెద్దదనం మన కంటిలోనే ఉంది. పిడికిలితో తిథి కూడా చెప్పొచ్చు. ఒక్కో తిథికి చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు ఎడమవుతాడు. పొద్దు కుంకిన చోటి నుంచి చంద్రుడి దాకా ఆరు పిడికిళ్లు వచ్చాయంటే పంచమి దాటబోతోందన్నమాట. దర్జీ గారి కొలత ఎప్పుడూ మాకంటే కచ్చితంగా వస్తుంది. ఆ చేతికి అలవాటు అది!

నాకు బాగా నచ్చిన పాఠం అగస్త్యుడిది. ధ్రువుడు ఉత్తరాన ఎంత ఎత్తులో ఉంటే మన ఊరి అక్షాంశం అంత. విజయనగరంలో పద్దెనిమిది డిగ్రీలు, రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ. ఫిబ్రవరి మధ్యలో రాత్రి ఎనిమిదిన్నర దాటాక దక్షిణానికి తిరిగితే అగస్త్య నక్షత్రం తన గరిష్ఠమైన ఎత్తులో ఉంటుంది. కొలిస్తే పందొమ్మిది డిగ్రీలు! ఉత్తరాన ధ్రువుడు, దక్షిణాన అగస్త్యుడు దాదాపు సమానంగా నిలబడే ఊళ్లు మనవి. ఢిల్లీలో అగస్త్యుడు తొమ్మిది డిగ్రీలకు మించి లేవడు. లండన్‌లో అసలు కనిపించడు. కళింగపట్నం ఒడ్డున సముద్రం మీద ఆ చుక్కను చూడటం కోసమే ఒక రాత్రి ప్రయాణం పెట్టుకోవచ్చు.

అరసవల్లి సూర్యదేవాలయంలో కిరణాలు స్వామి పాదాలు తాకే రోజుల గురించి కూడా ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. మార్చి 9, 10 ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు 1, 2 ప్రాంతంలో ఒకసారి. మార్చి విషువత్తుకు పదిరోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు పదిరోజుల తర్వాత అన్నమాట. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు తూర్పుకి నాలుగు డిగ్రీలు దక్షిణంగా, ఒకే చోట ఉదయిస్తాడు. ఇంత లెక్క తెలిశాక దర్శనం తక్కువవుతుందని కొందరు భయపడతారు. నాకు ఆ గుడి కట్టినవాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఈ నేలకు ఇదేం కొత్త కాదు. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకుని వచ్చిన జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత అబ్జర్వేటరీ పెట్టారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపించారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఆయన ఇక్కడి నుంచే పరిశీలించారు. అప్పటికి ఆయన వయసు 47. మా డాబా మీద కూర్చునేవాళ్లలో చాలామందిది ఇంచుమించు అదే వయసు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

ప్లానిటోరియం అక్కర్లేదని నేననను. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు మా పాఠాన్ని చాలాసార్లు మింగేస్తాయి. గుమ్మటం కింద మబ్బుండదు. ఏడాది ఆకాశాన్ని నిమిషాల్లో తిప్పి చూపిస్తారు. కానీ శ్రీకాకుళం వాళ్లకు 1985లో తెరిచిన హైదరాబాద్ బిర్లా ప్లానిటోరియం కంటే భువనేశ్వర్‌లోనిదే దగ్గర. దానికి పెట్టిన పేరు పఠాని సామంత, వెదురు బద్దలతో చేసిన పరికరాలతో ఆకాశాన్ని కొలిచిన ఒడియా పండితుడు. చూడటానికి ఒకసారి వెళ్లొచ్చు, వారం వారం వెళ్లి నేర్చుకోగలమా?

కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కాలేజీలవారికి నా విన్నపం ఇది. మీ దగ్గర ఫిజిక్స్ లెక్చరర్లున్నారు, డాబాలున్నాయి. వారానికి ఒక్క సాయంత్రం దీపాలార్పి, ఊళ్లో పెద్దవాళ్లకు మెట్లు చూపించండి. టెలిస్కోపు తర్వాత కొనుక్కోవచ్చు.