అనువాదంలో పుట్టిన ప్రాణులు

ధర్మగ్రంథాల అనువాదకునికి ఆజ్ఞలకంటె, వృత్తాంతాలకంటె ప్రాణుల పేర్లే ఎక్కువ చిక్కు తెచ్చిపెడతాయి. ప్రతి జాతికీ తన కథల్లో పెంచుకున్న వింత ప్రాణులు ముందే ఉంటాయి. గ్రంథంలో అపరిచిత నామం కనిపించగానే అవి ఆ స్థానంలో వచ్చి కూర్చుంటాయి.

క్రీ.పూ. 3, 2 శతాబ్దాలలో యూదుల హిబ్రూ గ్రంథాలు గ్రీకులోకి వచ్చాయి. యెషయా గ్రంథం 13వ అధ్యాయంలో, పాడుబడిన బాబిలోనులో నిప్పుకోళ్లు నివసిస్తాయని మూలానికి సాధారణంగా చెప్పే అర్థం. గ్రీకులో అవి 'సైరెన్'లయ్యాయి. అంటే పాటతో నావికులను మృత్యువు పాలుచేసే పక్షిస్త్రీలు. అడవి ఎద్దు ఒంటికొమ్ము మృగమైంది. 9వ శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ సోదరులు ప్రారంభించిన స్లావోనిక్ అనువాద సంప్రదాయం గ్రీకునే అనుసరించి ఆ పేరును అలాగే ఉంచింది. రష్యా జానపద చిత్రాలలో స్త్రీముఖం గల 'సిరిన్' పక్షి ఆ పేరుతోనే వెలసింది.

తెలుగు బైబిలు అనువాదకులు ఒంటికొమ్ము మృగాన్ని విడిచి 'గురుపోతు' అన్నారు. మన అడవి జంతువు పేరుతో అర్థం నిలిచింది. యోబు గ్రంథంలోని 'లెవియాతాన్'ను మాత్రం 'మకరం' చేశారు. గోదావరి పరిసరాల్లోని నందిపేట్ వాసికి మొసలి తెలుసు. మకరమంటే గుడి తోరణం మీది వింత ప్రాణి కూడా గుర్తుకొస్తుంది. నోట నిప్పులు వెలువడే ప్రాణిని వర్ణించే చోట ఆ ఎంపిక తప్పు కాదు. అక్కడ ఎవరి విశ్వాసమూ ఆ ప్రాణి స్వభావం మీద ఆధారపడి లేదు.

'జిన్' విషయం అలాంటిది కాదు. అల్లావుద్దీన్ దీపం కథను తెలుగు చేసినవారు జిన్‌ను 'భూతం' అన్నారు. కథలో అది చెల్లుతుంది, దివ్యఖుర్‌ఆన్‌లో చెల్లదు. తెలుగువారి వాడుకలో దయ్యం, భూతం అంటే చాలావరకు చచ్చినవారి ఆత్మ. ఖుర్‌ఆన్ చెప్పే జిన్ అగ్నిజ్వాలతో సృష్టించబడిన వేరే జాతి (55:15). మానవునివలె అల్లాహ్ ఆరాధనకై పుట్టించబడినది (51:56). 72వ సూరాలో జిన్నులలో ఒక బృందం ఖుర్‌ఆన్ విని విశ్వసించింది. ఆ చోట 'భూతాలు విశ్వసించాయి' అని రాస్తే పాఠకుడు నవ్వుకుంటాడు, లేదా భయపడతాడు. ఆ సూరా ఉద్దేశం రెండూ కాదు.

నిజామాబాదు, బోధన్ ప్రాంతాల ముస్లిం పిల్లలలో అనేకులు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదువుతారు. ఇంట్లో 'జిన్' అని, వీధిలో 'దయ్యం', 'గాలి సోకింది' అని వింటారు. రెండూ ఒకటేననుకుంటే నష్టం మాటతో ఆగదు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వచ్చినప్పుడు డాక్టరుకంటె ముందు తాయెత్తు వస్తుంది. ఆ ఆలస్యం రోగి మీద పడుతుంది.

నేటి తెలుగు ఖుర్‌ఆన్ అనువాదాలలో 'జిన్', 'జిన్నాతులు' అనే వాడుక స్థిరపడటం సంతోషకరం. అయితే వివరణ లేని పేరుకు ఆ నేల తన కథలనే తొడుగుతుందని 'సిరిన్' పక్షి హెచ్చరిస్తోంది. అందుచేత ఆ పదం మొదటిసారి వచ్చిన చోటనే వివరణ ఉండటం అవసరం. ముఖ్యంగా 34:14వ ఆయతు భావాన్ని అక్కడ చేర్చాలి. సులైమాన్ అలైహిస్సలాం మరణించిన సంగతి ఆయన కొలువులోని జిన్నులకే తెలియలేదు. ఆ ఒక్క సంగతి తెలిసిన పాఠకుడు, జిన్నుల చేత భవిష్యత్తు చెప్పిస్తామనేవారికి డబ్బు ఇవ్వడు.