చెప్పులు విడిచిన కథ, చెప్పులు కుట్టిన కథ

అన్నమయ్య చరిత్రను మనవడు తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రాశాడు. అందులో చిన్ననాటి అన్నమయ్య చెప్పులతో తిరుమల ఎక్కుతూ సొమ్మసిల్లుతాడు. ఇది సాలగ్రామాల కొండ, చెప్పులు విడువమని అలమేలుమంగ చెబుతుంది.

అలిపిరి మెట్లెక్కుతూ ఈ కథను నేను మాదిగ కొడుకుగా చదువుకున్నాను. మా నాయిన లందలో తంగేడు చెక్క వేసి తోలు పదును చేసేటోడు. ఆ చెప్పుల డబ్బుతోనే నేను బీఈడీ చేసి పంతులునయ్యాను. మమ్మల్ని బతికించిన తోలు దేవుడి దారికి మైల ఎట్లయింది? 'బ్రహ్మమొక్కటే' కీర్తనలో చండాలుణ్ణీ బ్రాహ్మణుణ్ణీ ఒకే నేల మీద నిలబెట్టిన తాత కంటే మనవడి కథ వెనక్కి నడిచింది.

మెట్ల మొదట్లోనే పాదాల మండపం ఉంది. స్వామి రోజూ రాత్రి అమ్మవారి కోసం తిరుచానూరు దిగివస్తాడట, చెప్పులు అరిగిపోతాయట, మావాళ్ళు కొత్తవి కుట్టిస్తారట. అక్కడ జనం పాదుకలు నెత్తిన పెట్టుకొని ప్రదక్షిణ చేస్తారు. కుట్టిన చేతుల సంగతి ఎవరూ అడగరు.

మొదటి కథ సాహిత్యమైంది. రెండోది జనం నోట్లోనే ఉండిపోయింది. మా పనితనం లేకుండా దేవుడు కూడా అడుగు వేయలేడని చెప్పే ఈ రెండోదే నా వారసత్వం. దీన్ని మనమే రాసుకోవాలి, బడిలో మన పిల్లలకు మనమే చెప్పాలి.