ఆస్కార్ జరిస్కీ: బీజ జ్యామితి పునాదులు

సమీకరణములు సూచించు ఆకృతులను పరిశీలించు శాస్త్రము బీజ జ్యామితి. రెండు చరరాశుల సమీకరణము కాగితముపై ఒక వక్రరేఖ నిచ్చును. మూడు చరరాశుల సమీకరణము ఒక తలము నిచ్చును. వక్రరేఖల సంగతి పందొమ్మిదవ శతాబ్దిలోనే చాలవరకు తేలినది. తలముల విషయమున గొప్ప కృషి చేసినవారు ఇటలీ దేశపు పండితులు కాస్టెల్నువో, ఎన్రిక్వెస్, సెవేరీ. ఈ మువ్వురి యొద్ద విద్య నేర్చి, వారి శాస్త్రమును వేఱొక పునాదిపై నిలిపినవాడు ఆస్కార్ జరిస్కీ (1899–1986). ఇతడు జ్యామితిని తొలగించి ఆ స్థానమున బీజగణితమును కూర్చుండబెట్టెనని కొందఱందురు. ఈ మాట సగము మాత్రమే నిజము.

జరిస్కీ నేటి బెలారూస్‌లోని కోబ్రిన్ అను ఊర పుట్టెను. కొంతకాలము కీవ్‌లో చదివి రోముకు పోయి, 1924లో పట్టము పొందెను. ముస్సోలినీ పాలన పెచ్చుపెరుగుటతో 1927లో అమెరికా చేరి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఉద్యోగమున కుదిరెను. 1947 నుండి హార్వర్డ్‌లో బోధించెను.

ఇతని జీవితమును మలుపు త్రిప్పినది 1935లో వెలువడిన ‘బీజీయ తలములు’ అను ఇతని గ్రంథమే. ఇటలీవారి ఫలితములన్నిటిని ఒకచోట కూర్చి, నిరూపణములతో వివరింపవలెనని జరిస్కీ పూనుకొనెను. వ్రాయుచు పోగా పెక్కు నిరూపణములు నిలువకుండుట కనబడెను. ‘సామాన్య స్థితిలో ఇట్లగును’ అని గురువులు దాటిపోయిన చోట్లనే చిక్కులన్నియు దాగియుండెను. గురువుల యందు భక్తి గలవానికి ఇది తేలికగా మ్రింగుడుపడు సంగతి కాదు. ఆ తరువాత జరిస్కీ ముప్పదియైదేండ్లు దాటిన వయసున మఱల విద్యార్థియై, ఎమ్మీ నోతర్, క్రుల్ మున్నగువారు పెంచిన నవీన బీజగణితమును అభ్యసించెను.

ఆ బీజగణితము జ్యామితి కెట్లు పనికివచ్చెనో ఒక చిన్న ఉదాహరణమున చూడవచ్చును. య, ర అను రాశులలో ర యొక్క వర్గము య యొక్క ఘనమునకు సమానమనుకొనుడు. య 4 అయినచో ర 8. రెండు ప్రక్కలను 64 వచ్చును. ఈ వక్రరేఖను గీచినచో మూలబిందువు కడ ముల్లువలె మొన తేలును. అట్టి చోటును విచిత్ర బిందువందురు. అచ్చట కలన గణితపు మామూలు సూత్రములు సాగవు. ఇపుడు ర ను య చే భాగించి, వచ్చిన లబ్ధమును ట అనినచో, ట యొక్క వర్గము సరిగా య యగును; ట యొక్క ఘనము ర యగును. అనగా ట విలువ నొక్కదానిని చెప్పినచో వక్రరేఖపై బిందువు తెలియును. ట విలువలు పరచుకొన్న రేఖ తిన్ననిది; దానికి మొన లేదు. గోడమీద దారపు నీడకు మెలిక కనబడినను దారమునకు మెలిక లేకపోవచ్చును గదా! భిన్నమే యైనను తన వర్గము మూలమున య తో ముడిపడియున్న ట వంటి రాశులను వెదకి చేర్చుకొనుటయే జరిస్కీ చూపిన ఉపాయము. తలములయందు ఈ పనిచే విచిత్ర రేఖలు పోయి విడివిడి విచిత్ర బిందువులు మాత్రమే మిగులును. ఆ బిందువులను వేఱొక పద్ధతిచే విప్పి, మఱల మొదటి పని చేయుచు పోయినచో కొన్ని మెట్లకు తలము నునుపగునని 1939లో నిరూపించెను. 1944లో త్రిపరిమాణములకును ఈ ఫలితమును సాధించెను.

ఇతని వ్రాతలపై ఆక్షేపణ లేకపోలేదు. ఈ కాలపు వ్యాసములు బహు శుష్కములు. పుటలకు పుటలు చదివినను ఏ ఆకృతిని గూర్చి చెప్పుచున్నాడో పాఠకునకు స్ఫురింపదు. ఎన్రిక్వెస్ రచనలలోని వెలుగు ఇందు లేదనుట న్యాయమే. కాని ఆ రచనలను చదివి ఏది నిలుచునో, ఏది నిలువదో తేల్చుట సామాన్యునకు సాధ్యము కాదు. పైగా జరిస్కీ బీజగణితముతో విప్పినవి ఇటలీవారి ప్రశ్నలే. కాస్టెల్నువో కనిపెట్టిన ఒక ప్రసిద్ధ నియమమును, మామూలు సంఖ్యలకు మాత్రమే గాక, ఒకటిని కొన్ని మార్లు కూడగా సున్న వచ్చు సంఖ్యావ్యవస్థలకును 1958లో నిరూపించెను. గురువులను కాదన్నవాడు చేయు పని కాదిది.

శిష్యుల విషయమున ఇతనికి కలిగిన భాగ్యము అరుదైనది. హిరొనకా 1964లో, మామూలు సంఖ్యలపై, విచిత్ర బిందువుల సమస్యను ఎన్ని పరిమాణములకైనను సాధించెను. 1970లో ఫీల్డ్స్ పతకము పొందెను. 1974లో అది మమ్‌ఫర్డ్‌కు దక్కెను. ఉజ్జయినిలో జన్మించిన శ్రీరామ్ అభ్యంకర్, ఒకటిని కొన్ని మార్లు కూడగా సున్న వచ్చు వ్యవస్థలలో తలముల సమస్యను 1956లో విప్పెను. అభ్యంకర్ తరువాతి కాలమున పాఠశాలలో నేర్పు బీజగణితమునకే పట్టము గట్టి, నవీన పరిభాషను పరిహసించుచుండెడివాడు. గురువు నేర్పిన పాఠమును శిష్యుడు తన దారిని త్రిప్పుకొనెను. ఆ వ్యవస్థలలో నాలుగు, అంతకు మించిన పరిమాణములకు సర్వసమ్మతమైన నిరూపణము ఇంకను రాలేదు.

గ్రోథెన్‌డీక్ బీజ జ్యామితిని మఱింత అమూర్తముగ మార్చినపుడు జరిస్కీ ఆ భాషను తన పరిశోధనలలో స్వీకరింపలేదు. కాని ఆయనను హార్వర్డ్‌కు పిలిపించి శిష్యులకు ఆ పాఠములు వినిపించెను. 1935 నాటి గ్రంథము 1971లో మఱల అచ్చయినది. అందు అభ్యంకర్, లిప్‌మన్, మమ్‌ఫర్డ్ వ్రాసిన అనుబంధములున్నవి. గురువు తన గురువులను గూర్చి చెప్పినదాని ప్రక్కనే, నలువదేండ్లలో ఆ ప్రశ్నలు ఎంతవరకు వచ్చెనో శిష్యులు వ్రాసిపెట్టిరి.