ఏసీ గ్యాసు అరిగిపోదు

మే నెల మిట్టమధ్యాహ్నం పర్వత్ పాటియా కూడలిలో చిక్కుకున్నవాడికి కారు ఏసీ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు చీరల మూటలు నింపుకున్న టెంపో, పక్కన సిటీ బస్సు, వెనక ఆగని హారన్లు. సూరత్ ఎండ మన రామగుండం ఎండలా కాల్చదు, ఉడకబెడుతుంది. సముద్రం దగ్గర, తాపీ నది ఊళ్లోనే. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒంటి మీది చెమట ఆరదు.

మా బావమరిది కారు సరిగ్గా అక్కడే మొరాయించింది. కడోదరా వైపు నుంచి హైవే మీద వస్తున్నంతసేపూ చల్లగానే ఉంది. కూడలిలో ఆగిన రెండు నిమిషాలకు వెచ్చటి గాలి మొదలైంది. "గ్యాస్ మళ్లీ అయిపోయినట్టుంది బావా" అన్నాడు. ఆ వేసవిలో అప్పటికే రెండుసార్లు ఎక్కించాడు.

ఈ "అయిపోయింది" అనే మాట దగ్గరే మన జేబుకు చిల్లు పడుతుంది. ఏసీలో గ్యాసు పెట్రోలు కాదు, మండి ఖర్చవడానికి. అది మూసిన గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతుంది, అంతే. ఇంటి మూల రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయో తెలిసినవాడికి ఏసీ తెలిసినట్టే: తడి ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది. కార్లలో వాడే 134ఏ గ్యాసు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్లో అది మరిగి ఆవిరవుతూ లోపలి వేడిని తాగేస్తుంది. కంప్రెషర్ ఆ ఆవిరిని నొక్కి ముందుకు తోస్తే, రేడియేటర్ ముందున్న కండెన్సర్లో వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కంప్రెషర్ సీలు దగ్గరా, రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కాస్త జారడం మామూలే. ఒక్క వేసవిలో రెండుసార్లు ఖాళీ అవడం మాత్రం మామూలు కాదు.

కూడలి దాటి ఒక సందులో ఏసీ పని చేసే దుకాణం దొరికింది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని మెకానిక్ తలెత్తి "ఏ ఊరన్నా?" అన్నాడు. వాళ్లది సిరిసిల్ల దగ్గర. తండ్రి మరమగ్గం మీద పనిచేయడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. ఇందులో వింతేమీ లేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీలు తరాలుగా ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సూరత్‌లో దిగొచ్చు. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. తండ్రిది మగ్గం, కొడుకుది కంప్రెషర్.

అతను గేజి తీయలేదు. ముందు ఇంజన్ నడిపించి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. కంప్రెషర్ క్లచ్ 'టక్' మని పట్టుకోవాలి. అసలు పట్టుకోకపోతే ఫ్యూజో, రిలేనో, గ్యాసు పూర్తిగా పోవడమో. కొన్ని క్షణాలకోసారి పట్టుకుని వదులుతుంటే గ్యాసు తక్కువైందని అనుమానించాలి. (కొన్ని కొత్త బండ్ల కంప్రెషర్లకు క్లచ్చే ఉండదు, అక్కడ చెవి పనికిరాదు.) తర్వాత రెండు గొట్టాలూ పట్టి చూశాడు. లావు గొట్టం చల్లగా, చెమట పట్టి ఉండాలి. సన్న గొట్టం వెచ్చగా ఉండాలి. రెండింటికీ తేడా తెలియకపోతే గ్యాసు లేదనో, కంప్రెషర్ నొక్కడం లేదనో అర్థం. తేమను పీల్చే డ్రయర్‌కు ఒక పక్క వేడిగా, రెండో పక్క చల్లగా తగిలితే అది చోక్ అయినట్టు. మా బండిలో సన్న గొట్టం ముట్టుకోగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"గ్యాస్ తక్కువ లేదన్నా, ఎక్కువున్నది. ఫ్యాన్ గూడ తిరుగుతలేదు."

హైవే మీద ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాన్ లేని లోటు తెలియలేదు. ఆగితే గాలి లేదు. వేడి ఎక్కడికీ పోదు. పరుగులో చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర వెచ్చబడే ఏ కారుకైనా మొదటి అనుమానం ఇదే. ముందటి మెకానిక్ ఇది చూడకుండా, చల్లదనం తగ్గిందన్న ఒక్క మాట విని రెండుసార్లు గ్యాసు దట్టించాడు.

ఫ్యాన్ రిలే మార్చి, బంపర్ విప్పాక కండెన్సర్ చూశాను. రేకుల సందుల్లో దుమ్ము ఒక్కటే కాదు, బట్టల ఊరు కదా, నూలు పీచు కూడా పట్టి బూడిదరంగు దుప్పటిలా పరుచుకుంది. గోటితో ఒక అంచు లేపితే అరచేతి వెడల్పున ఊడొచ్చింది. నీళ్లు ఇంజన్ వైపు నుంచి ముందుకు, మెల్లటి ధారగా కొట్టాడు. పెద్ద ప్రెషర్‌తో కొడితే ఆ పలచటి అల్యూమినియం రేకులు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది. ఈ ప్రాంతంలో వానాకాలం మీఠీ ఖాడీ వాగు పొంగితే బురదనీళ్లు బండి కిందికి వస్తాయి. ఆ తర్వాతా ఇలాగే కడిగించుకోవాలి.

నూలుకూ ఏసీకీ చుట్టరికం పాతదే. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి రంగులు చెదరకుండా యంత్రం తయారు చేశాడు. 'ఎయిర్ కండిషనింగ్' అనే పేరు మాత్రం 1906లో స్టువర్ట్ క్రేమర్ పెట్టాడు. ఆయన అమెరికాలో బట్టల మిల్లుల ఇంజనీరు. పోగు తెగకుండా మిల్లు గాలిలో తేమ పెంచడం ఆయన పని. తడి తక్కువైతే పోగు తెగుతుందని గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మన నేతగాడికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఏసీ కారులోకి రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. 1940 మోడల్ ప్యాకార్డ్‌లో ఆ సరంజామా డిక్కీలో ఉండేది. ఆపాలంటే దిగి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే.

కండెన్సర్ కడిగాక మా మెకానిక్ అప్పుడు గేజీలు తగిలించాడు. నీలం గేజి తక్కువ ఒత్తిడి వైపు, ఎరుపు ఎక్కువ ఒత్తిడి వైపు. బండి నడుస్తుండగా నీలం 30, 40 పౌండ్ల మధ్య, ఎరుపు 200 పైన కాస్త అటూఇటూ ఉంటే ఆరోగ్యం. ఎండను బట్టి మారుతుంది. రెండూ తక్కువైతే గ్యాసు లేదు. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువైతే కంప్రెషర్ నీరసించింది. నీలం సున్నా కిందికి పోతే, ద్రవాన్ని కూలింగ్ కాయిల్లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది. మాకు ఫ్యాన్ తిరుగుతున్నా, కండెన్సర్ కడిగినా రెండు ముళ్లూ ఎగువనే ఉన్నాయి. ఎక్కువ గ్యాసన్న మాట నిజమైంది.

ఇక్కడొక కిటుకుంది. ఆపి ఉన్న బండికి గేజి పెట్టి "97 చూపిస్తోంది, గ్యాసు సరిపోయింది" అంటే నమ్మకండి. లోపల కొంచెం ద్రవం మిగిలున్నా చాలు, 30 డిగ్రీల వేడిలో గేజి దాదాపు అంతే చూపిస్తుంది, 300 గ్రాములున్నా 600 గ్రాములున్నా సరే. ఆ అంకె వేడిని చెబుతుంది, బరువును కాదు. బరువు తెలియాలంటే తూచాలి. అతను ఉన్నదంతా మెషీన్‌లోకి లాగి తూచాడు. బానెట్ కింది స్టిక్కర్ 450 గ్రాములంటోంది, బయటికొచ్చింది 610.

తర్వాత అరగంట వాక్యూమ్ కొట్టాడు. చాలామంది ఎగ్గొట్టేది ఈ అరగంటనే. గొట్టాల్లో చేరిన తేమ ఒత్తిడి లేనిచోట మామూలు వేడికే ఆవిరై బయటికి పోతుంది. ఉండిపోతే వాల్వ్ దగ్గర మంచుగడ్డ కడుతుంది, ఆయిల్‌తో కలిసి లోహాన్ని తింటుంది. పంపు ఆపాక ముల్లు కదలకపోతే పెద్ద లీకు లేనట్టే అన్నాడు. పదిహేను నిమిషాలు చూశాం, కదల్లేదు. స్టిక్కర్ మీదున్నంతే తూచి ఎక్కించాడు.

లీకుంటే పట్టుకునే పద్ధతులు వేరు. గ్యాసుతో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి కారేచోట జిడ్డు, దాని మీద నల్లటి దుమ్ము. ఆ మచ్చే ఆనవాలు. నైట్రోజన్ ఎక్కించి జాయింట్లకు సబ్బు నురుగు రాస్తే బుడగ లేచినచోటే చిల్లు. చేతికందని కూలింగ్ కాయిల్ లీకైతే నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర డిటెక్టర్ పెట్టి చూస్తారు. అదే పైపు మూసుకుపోతే ఎడమవైపు కాళ్ల దగ్గర నీళ్లు నిలుస్తాయి. జనం దానికీ గ్యాసే కారణమనుకుంటారు. ముక్కిన వాసనొస్తే కాయిల్ మీద బూజు. దిగడానికి రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి ఉత్త బ్లోయర్ నడిపితే తడి ఆరుతుంది.

తీసిన గ్యాసును సిలిండర్లో దాచుకున్న ఆ మెకానిక్‌ను నేను మెచ్చుకునేది పొదుపుకు మాత్రమే కాదు. 134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,430 రెట్లు. అరకిలో గాలిలోకి వదిలితే 700 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఈ గ్యాసు నింపనివ్వరు. ఈ జాతి గ్యాసుల వాడకం తగ్గించాలన్న కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది, కోతలు 2032 నుంచి మొదలవుతాయి. అంతవరకు నట్టు వదులు చేసి 'బుస్' మని వదిలేసేవాళ్లు వదులుతూనే ఉంటారు. చవకగా వస్తుందని వంటగ్యాసు లాంటివి కలిపిన సరుకు నింపేవాళ్లూ ఉన్నారు. అది నిప్పుతో చెలగాటం.

సాయంత్రం అదే కూడలిలో, అదే సిగ్నల్ దగ్గర ఆగాం. మా బావమరిది చెయ్యి ఏసీ కంత ముందు పెట్టి నవ్వాడు. ఈసారి మీరు ఏసీ పనికి వెళ్తే ఎంత గ్యాసు తీశారో, ఎన్ని గ్రాములు ఎక్కించారో బిల్లు మీద రాయించుకోండి. స్టిక్కర్ మీది అంకెతో సరిచూశాకే డబ్బులివ్వండి.