చెప్పటమా? కప్పటమా?

ఎడ్వర్డ్ సయీద్ 1981లో వెలువరించిన ‘కవరింగ్ ఇస్లాం’ గ్రంథం పేరులోనే శ్లేష ఉంది. పత్రికల వారి భాషలో ఒక విషయాన్ని ‘కవర్’ చేయటమంటే వార్తలు సేకరించి పాఠకులకు అందించటం. మామూలు వాడుకలో అదే మాటకు మూత పెట్టటం, కనబడకుండా చేయటం అని అర్థం. తెలుగులో ఈ రెండర్థాలనూ మోయగల మాట లేదు గాని, చెప్పటానికీ కప్పటానికీ మధ్య ఒక్క అక్షరమే తేడా. అమెరికా ప్రచార సాధనాలు ఇస్లాంను గురించి ఎంత ఎక్కువగా చెప్పాయో అంత ఎక్కువగా కప్పాయన్నది సయీద్ వాదం.

ముస్లిం పాఠకులు ఈ గ్రంథాన్ని ఇస్లాంకు సమర్థనగా భావించి మెచ్చుకోవటం కద్దు. అది సరికాదు. 1935లో జెరూసలెంలో పుట్టిన సయీద్ పాలస్తీనా క్రైస్తవుడు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సాహిత్యాచార్యుడు. ఇస్లాం సత్యమా కాదా అన్న చర్చ ఆయన చేయలేదు. మొరాకో నుంచి ఇండోనీషియా వరకు విస్తరించిన అనేక జాతులను, భాషలను, రాజ్యాలను ‘ఇస్లాం’ అనే ఒక్క చీటీ అంటించి చూపటం ఎవరికి ఉపయోగపడుతోంది? ఆయన అడిగిన ప్రశ్న ఇది. ‘ఓరియంటలిజం’లో (1978) పండితులను అడిగిన ప్రశ్ననే ఇక్కడ విలేఖరులను అడిగాడు.

గ్రంథారంభంలో పేర్కొన్న ఉదాహరణ చాలా చిన్నది. కాని పుస్తకమంతటికీ అదే తాళంచెవి. 1980 వేసవిలో న్యూయార్క్ విద్యుత్ సంస్థ కన్సాలిడేటెడ్ ఎడిసన్ టెలివిజన్‌లో ఒక ప్రకటన ప్రసారం చేసింది. సౌదీ చమురు మంత్రి యమానీ, లిబియా అధినేత గద్దాఫీ, పొడుగు అంగీల అరబ్బులు, వారి మధ్యన ఖొమైనీ, యాసిర్ అరఫాత్, హాఫిజ్ అల్ అసద్ వరుసగా తెరమీద కనబడతారు. ఎవరి పేరూ చెప్పరు. అమెరికాకు వచ్చే చమురు ఈ మనుషుల చేతుల్లో ఉందని మాత్రం ఒక గంభీర కంఠం హెచ్చరిస్తుంది. ఖొమైనీ అరబ్బు కాడు. అరఫాత్‌కు చమురు బావి మాట అటుంచి, దేశమే లేదు. అసద్ పాలించిన సిరియా చమురు ఎగుమతి దేశాల కూటమిలో సభ్యురాలు కాదు. అయినా ప్రేక్షకుడికి వివరణ అవసరం కాలేదు. పేర్లు చెప్పనక్కర లేకుండానే భయం కలిగిందంటే, ఆ భయం అంతకు ముందే అక్కడ సిద్ధంగా ఉన్నదన్నమాట. ప్రకటన దాన్ని పుట్టించలేదు, వాడుకున్నది. ప్రచార సాధనాల ప్రభావం ఎలా పేరుకుంటుందో ఇంత పొదుపుగా చూపిన ఉదాహరణ అరుదు.

ఇక ఇరాన్ వ్యవహారం. 1979 నవంబరు 4న టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించారు. 52 మంది అమెరికన్లు 1981 జనవరి 20 వరకు, అంటే 444 రోజులు బందీలుగా ఉన్నారు. ఏబీసీ టెలివిజన్ సంస్థ రోజుల సంఖ్యను శీర్షికలో చేర్చి రాత్రిపూట ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. 1980 మార్చిలో అది ‘నైట్‌లైన్’ పేరుతో శాశ్వత కార్యక్రమమయింది. బందీలు ఇంటికి చేరుకున్నారు. కార్యక్రమం మాత్రం మిగిలిపోయింది. ఆ 444 రోజుల్లో చెప్పింది అబద్ధమా? ఎక్కువ భాగం కాదు. రాయబారులను నిర్బంధించటం నిజంగా జరిగింది. దాన్ని వెనకేసుకు రావలసిన అగత్యం ముస్లిములకు లేదు, రాయబారులకు అభయమివ్వటం ఇస్లామీ ధర్మశాస్త్రంలోనే ఉన్న నియమం. కాని 1951లో చమురును జాతీయం చేసిన ప్రధాని ముసద్దిఖ్‌ను 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటిష్ గూఢచారి సంస్థల సహాయంతో కూలదోశారన్న సంగతి ఆ రాత్రుల్లో ఎన్నిసార్లు వినబడింది? జనసమూహం పిడికిళ్ళు రోజూ కనిపించాయి. వాటి వెనక ఉన్న పాతికేళ్ళు కనిపించలేదు. మూత పడింది అక్కడ. సయీద్ పక్షపాతంతో రాయలేదనటానికి నిదర్శనం కూడా ఇక్కడే ఉంది: ఫ్రెంచి పత్రిక ‘లే మోండ్’ విలేఖరి ఎరిక్ రూలో పంపిన ఇరాన్ వార్తలను ఆయన మనసారా మెచ్చుకున్నాడు. పాశ్చాత్యుడైతే చాలు, చూడలేడన్న తేలిక మాట ఆయన అనలేదు.

ఈ ఘట్టం ముస్లిం పాఠకుడి ముందు ఒక చిక్కు ప్రశ్న ఉంచుతుంది. దుర్మార్గుడు వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతులో ఆదేశముంది. హదీసువేత్తలు ఆ మార్గంలోనే నడిచి ఒక మహాశాస్త్రం నిర్మించారు. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఇద్దరూ ఒకే కాలంలో బ్రతికారా, ఆ మనిషి జ్ఞాపకశక్తి ఎలాటిది అని ప్రతి రావీని నిలదీశారు. వార్తను పరీక్షించటంలో అంతటి పట్టుదల చరిత్రలో బహు తక్కువ చోట్ల కనబడుతుంది. అయితే ఆ పరీక్ష ఒక్కొక్క వార్తకు వర్తిస్తుంది. టెహరాన్ వార్తలను ఒక్కొక్కటిగా ఆ గీటురాయి మీద పెడితే చాలా మట్టుకు నెగ్గుతాయి. కూడిక మాత్రం తప్పుతుంది. వార్తలన్నీ నిజమై, చిత్రం అబద్ధమైనప్పుడు రావీని నిలదీసి ప్రయోజనం లేదు. రాని వార్తను, వచ్చిన వార్త ఎన్నిసార్లు వచ్చిందన్న సంగతిని విచారించాలి.

సయీద్ గ్రంథంలో లోపం సరిగ్గా ఈ చోటనే. ఆయన సాహిత్య విమర్శకుడు. వాక్యాన్ని విడదీసి చూపటంలో దిట్ట. ఆ వాక్యాన్ని చదివినవాడి బుర్రలో ఏం జరిగిందో ఆయన పరిశీలించలేదు, ఊహించుకున్నాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ గెర్బ్‌నర్ 1960ల చివర మొదలుపెట్టిన పరిశోధన ఈ వెలితిని కొంత పూడ్చుతుంది. గెర్బ్‌నర్ ఏటా కొద్ది రోజుల టెలివిజన్ కార్యక్రమాలను రికార్డు చేయించి అందులోని హింసను లెక్కగట్టించాడు. ఆపైన తక్కువ చూసేవారినీ ఎక్కువ చూసేవారినీ ఒకే ప్రశ్నలడిగాడు. ఎక్కువ చూసేవారు లోకాన్ని ఉన్నదానికంటె క్రూరంగా ఊహించుకుంటున్నారని తేల్చాడు. ఇతర కారణాలన్నిటినీ కలిపి లెక్కిస్తే ఈ తేడా దాదాపు మిగలదని పాల్ హిర్ష్ 1980లో ఆక్షేపించాడు. ఆక్షేపణ తీసిపారేయదగింది కాదు. తేడా చిన్నదేనని గెర్బ్‌నర్ కూడా ఒప్పుకున్నాడు. అయితే భూగోళం వేడిమి కొద్ది డిగ్రీలు మారితేనే హిమయుగం వస్తుంది గదా అన్నాడు. ఉపమానం ఋజువు కాదు. అయినా 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా నగరంలో బాంబు పేలి 168 మంది మరణించినప్పుడు, తొలి గంటల్లో అనుమానం మధ్యప్రాచ్యం వైపే మళ్ళింది. తీరా పట్టుబడింది టిమొతీ మెక్‌వే అనే అమెరికన్ మాజీ సైనికుడు. సాక్ష్యం లేనిచోట జనం పాత బొమ్మనే సాక్ష్యంగా తెచ్చుకుంటారని ఆ కొద్ది గంటలు చూపాయి.

దీనికి విరుగుడుగా నిరసన ఎంతవరకు పనికివస్తుంది? 1992లో డిస్నీ వారి ‘అలాదీన్’ చిత్రం విడుదలైనప్పుడు, తొలి పాటలోని ఒక పంక్తి అరబ్బులను అవయవాలు నరికే వారిగా చూపుతున్నదని అరబ్ అమెరికన్లు అభ్యంతరం చెప్పారు. 1993లో వీడియో క్యాసెట్టు వచ్చేనాటికి ఆ పంక్తి మార్చారు. నాయకుడూ నాయికా అమెరికన్ యాసలో, దుష్టపాత్రలు విదేశీ యాసలో మాట్లాడటం మాత్రం అలాగే ఉండిపోయింది. నిరసన ఒక పంక్తిని తొలగించగలదు, ఉచ్చారణను పట్టుకోలేదు.

తెలుగు పత్రికల్లో ఈ వార్తలు తర్జుమాగా వస్తాయి, తర్జుమాలో ఇంకో మూత పడుతుంది. ‘ఫండమెంటలిజం’ అనే మాట అమెరికన్ ప్రొటెస్టెంట్లది. 1910–15 మధ్య వారు ప్రచురించిన కరపత్రాల నుంచి వచ్చింది. దానికి తెలుగులో ‘ఛాందసవాదం’ అని పెట్టారు. ఛాందసుడంటే మొదట ఛందస్సు, అంటే వేదం, చదువుకున్నవాడు. అమెరికన్ క్రైస్తవుల బిరుదు, వేదపండితుడి పేరు కలిసి ఇరాన్ మౌల్వీకి తలపాగా అయ్యాయి! డెస్కులో అర్ధరాత్రి పనిచేసే ఉపసంపాదకుడికి ఇందులో దురుద్దేశం ఉండనక్కరలేదు. తొందర చాలు. ‘పశ్చిమం’, ‘పాశ్చాత్యులు’ అనే చీటీలు అంటించి రెండు ఖండాలను ఒక్క దుకాణంగా చూపే ముస్లిం పత్రికలకూ ఇదే మాట వర్తిస్తుంది. సయీద్ రూలోకు చూపిన న్యాయం అక్కడ తరచు కనబడదు.

జాక్ షాహీన్ 2001లో ప్రచురించిన ‘రీల్ బ్యాడ్ అరబ్స్’ 900కు పైగా హాలీవుడ్ చిత్రాలను ఒక్కొక్కటిగా పరిశీలించి చెప్పిన గ్రంథం. సయీద్ వాక్చాతుర్యం అందులో లేదు. అక్షరక్రమంలో సాగే పట్టిక అది, చదవటం కొంత విసుగే. కాని సయీద్ ఊహించిన కూడిక అక్కడ కళ్ళకు కడుతుంది. అలాంటి పని ఒక తెలుగు దినపత్రిక పాత సంపుటాలతో మొదలుపెట్టవచ్చు. 1979 నవంబరు 4 నుంచి 1981 జనవరి 20 వరకు ఇరాన్ వార్తలన్నీ తీసి, ఏ పేజీలో వచ్చాయి, ఏ వార్తాసంస్థ పేరు కింద వచ్చాయి, ‘ముస్లిం’ అన్న మాట పక్కన ఏయే విశేషణాలు నిలిచాయి, 1953 అన్న అంకె ఎన్నిసార్లు అచ్చయింది అని రాసుకుంటూ పోవటమే. కావలసింది ఒక గ్రంథాలయం, ఓపిక గల ఇద్దరు విద్యార్థులు, ఒక గళ్ళ పుస్తకం.