సమ్మె కథలో కనిపించని పాత్ర

మన కార్మిక కథల్లో సమ్మె అంటే చాలావరకు గేటు ముందు జెండా, యజమాని మొండితనం, పోలీసు లాఠీ. ఇవన్నీ నిజాలే. కాని సమ్మె గేటు దాకా రాకముందే దాన్ని సగం చంపేసేది మరొకటి ఉంది. కార్మికుడంటే ఎవరో తేల్చే చట్ట నిర్వచనం అది. దాని మీద మన రచయితల దృష్టి పడవలసినంతగా పడలేదు.

1947 ఏప్రిల్ 1న మన దేశంలో పారిశ్రామిక వివాదాల చట్టం అమలులోకి వచ్చింది. ఆ జూన్ 23న అమెరికాలో, అధ్యక్షుడు ట్రూమన్ వీటోను తోసిరాజని, టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం వచ్చింది. అక్కడ 1935 నాటి వాగ్నర్ చట్టం యూనియన్ హక్కును గుర్తిస్తూనే పొలం కూలీలనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ బయట ఉంచింది. టాఫ్ట్–హార్ట్‌లీ సూపర్‌వైజర్లను కూడా ఆ రక్షణనుంచి తప్పించింది. ఒక చోటి సమ్మెకు మద్దతుగా మరో సంస్థలో పని ఆపించడాన్ని నిషేధించింది. యూనియన్‌ను రద్దు చేయకుండానే దాని చుట్టూ గిరి గీసింది.

ఆ గిరి మనకూ ఉంది. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకోవడం 1998లో మొదలైంది. 2023 డిసెంబర్ 27న ఏ.ఐ.టి.యు.సి. గెలిచింది. విలువైన హక్కే. కాని అదే గనుల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఆ ఓటు లేదు.

అదే జిల్లాలో చర్ల ఉంది. బీడీ చుట్టే స్త్రీని, ఇంట్లో కూర్చుని చుట్టినా సరే, 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్మికురాలిగా గుర్తించింది. అదే తునికాకును మండుటెండలో కోసి, 50 ఆకుల కట్టలు కట్టి, కల్లానికి చేర్చే చర్ల అడవి కోయ స్త్రీ మాత్రం కట్టకింత అని ధర పుచ్చుకునే సేకరణదారు. కట్ట రేటు కోసం ఆమె కోత ఆపితే దానికి సమ్మె అనే పేరైనా దక్కదు.

మన అడవి కథల్లోనూ ఆమె ప్రకృతి బిడ్డగా, అమాయకురాలిగా వస్తుంది. శ్రామికురాలిగా రావడం అరుదు. చట్టం చెప్పిన మాటనే కథకుడూ, తెలియకుండానే, చెబుతున్నాడన్నమాట.

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రతి పారిశ్రామిక సంస్థలోనూ సమ్మెకు 14 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. సగం మంది ఒకే రోజు సెలవు పెట్టినా సమ్మెగానే లెక్కగడుతుంది. సమ్మె నిర్వచనం పెరిగింది. కార్మికుడి నిర్వచనం అడవి దాకా రాలేదు.

ఈ వైరుధ్యం అభ్యుదయ కథకు ముడిసరుకు కావాలి. ఓటర్ల జాబితాలో పేరు లేని గని కార్మికుడినీ, కల్లంలో కట్టలు లెక్కపెట్టించుకునే స్త్రీనీ ఒకే వర్గంగా చూడగల కథ కోసం ఎదురుచూస్తున్నాం.