ఓరచూపుకు చిక్కే జంట

ఎం51 గెలాక్సీకి దారి సప్తర్షి మండలంలోనే ఉంది. వసిష్ఠుడు, అరుంధతి దాటాక కొసన కనిపించే మరీచి మీద టెలిస్కోపు నిలిపి, నైరుతి వైపు 3.5 డిగ్రీలు జరపాలి. ఏప్రిల్, మే రాత్రుల్లో తెలుగునాట ఇది ఉత్తరాన బాగా ఎత్తుకు వస్తుంది. దాని తోడు గెలాక్సీ ఎన్‌జీసీ 5195. ఈ జంట ఉన్నది దాదాపు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో.

4 అంగుళాల టెలిస్కోపులో అవి పక్కపక్కనే ఉన్న రెండు దూదిపింజలు. ఒక్కోదాని నడుమ కాస్త వెలుగు, అంతే. ఫొటోల్లోని రంగులు ఏ టెలిస్కోపులోనూ కంటికి అందవు. 1773లో ఎం51ను కనుగొన్న చార్లెస్ మెస్సియేకి మొదట తోడు కనబడనే లేదు. 1781లో పియెర్ మెషేన్ దాన్ని పట్టుకున్నాడు. ఎం51లో సుడి తిరిగిన చేతులను 1845లో ఐర్లండ్‌లోని బిర్ కోటలో, 6 అడుగుల అద్దంతో లార్డ్ రాస్ చూసి బొమ్మ గీశాడు. పాలపుంతకు అవతల వేరే గెలాక్సీలు ఉన్నాయని అప్పటికి రుజువు కాలేదు. ఆ చేతుల జాడ ఇప్పుడు 8, 10 అంగుళాల సొంత టెలిస్కోపుకూ దొరుకుతుంది. అయితే ఊరి దీపాలకు దూరంగా వెళ్లక తప్పదు. నగరంలో పెద్ద టెలిస్కోపు కన్నా చీకట్లో చిన్నదే మేలు.

మిగతా పని కంటిది. మసక వెలుగును పట్టే కణాలు రెటీనా నడిబొడ్డున ఉండవు, దాని చుట్టూ ఉంటాయి. అందుకే సూటిగా చూస్తే మాయమైన చేయి ఓరచూపుకు తేలుతుంది. కన్ను చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఫోను ఒక్కసారి వెలిగితే ఆ అరగంటా వృథా. బొమ్మ గీసే కాగితం మీదికి మసక ఎర్రదీపం చాలు. ఐపీస్ మార్చి 100 రెట్లకు పెంచితే వెనకాల ఆకాశం నల్లబడుతుంది. గొట్టాన్ని వేలితో మెల్లగా తడితే, కదిలే మసకను కన్ను ఇట్టే పసిగడుతుంది.

కనిపించినది గీయడం మంచి అలవాటు. కానీ ఫొటోలో చూసింది చేతిలోకి చొరబడుతుంది. ముఖ్యంగా రెండు గెలాక్సీలనూ కలుపుతున్నట్టు కనిపించే సుడి చేయి, ఆ వంతెన. తోడు గెలాక్సీ నిజానికి ఆ చేతికి వెనకగా ఉంది. వంతెన మళ్లీ మళ్లీ ఓరచూపుకు అందితేనే దాన్ని కాగితం మీద పెట్టాలి. అందకపోతే ఖాళీగా వదలడమే నిజాయితీ.

అలాంటి బొమ్మలకు వేరే ఉపయోగమూ ఉంది: పాత బొమ్మతో పోల్చి చూస్తే కొత్త చుక్క బయటపడుతుంది. ఎం51లో 1994లో, 2005లో, 2011లో సూపర్నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, కనిపించాయి. 2011 నాటిదాన్ని ముందుగా గుర్తించినవారిలో ఔత్సాహికులు ఉన్నారు. చీకటి ఆకాశం కింద అది 8 అంగుళాల టెలిస్కోపుకు కొత్త చుక్కగా కనిపించింది.